కుటుంబ విహారంలో స్కూబా: ఋషికొండా, హేవ్‌లాకా?

గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదే స్కూబా డైవింగ్‌కు ఋషికొండను ఎంచుకుంటే, విశాఖ వరకు రైలులో చేరవచ్చు కనుక ఖర్చు తక్కువ; 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన అండమాన్ హేవ్‌లాక్‌కు విమానం, ఆపై పడవ, నాలుగైదు రోజుల బస తప్పవు.

ఋషికొండలో నీరు తరచు మసకగా ఉంటుంది. హేవ్‌లాక్‌లో పగడపు దిబ్బలు స్పష్టంగా కనిపిస్తాయి. నా దృష్టిలో అసలు తేడా ఇదే.

పదేళ్లు నిండని పిల్లలను సాధారణంగా ఎక్కడా డైవింగ్‌కు దింపరు.

డైవింగ్ తరువాత రక్తంలో మిగిలిన నైట్రోజన్ ఎత్తుకు వెళితే బుడగలుగా మారే ప్రమాదం ఉన్నందున, విమానమెక్కడానికి 18 గంటలైనా ఆగాలి. అందువల్ల అండమాన్‌లో చివరిరోజు డైవింగ్ పెట్టుకోకూడదు. ఋషికొండలో డైవింగ్ చేసి, సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకుకు అదేరోజు బయలుదేరడమూ (మనవాళ్లు చేసేది అదే) క్షేమం కాదు.

చంటిపిల్లలు, వృద్ధులతో రెండు రోజుల ప్రయాణమైతే ఋషికొండ. పిల్లలు ఎదిగి, వారం సెలవు దొరికితే హేవ్‌లాక్.