విశాఖలో 113 కిలోమీటర్లు: ఎక్కడ బస, ఎక్కడ ఈత

మాది రాజమండ్రి. ఈత చిన్నప్పుడు గోదావరిలో వచ్చింది, సైకిల్ కరోనా టైంలో కొన్నా, పరుగు మాత్రం షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ గారు చెప్పాక మొదలైంది. ఈ మూడూ ఒకే రోజు వరసగా చేస్తే ట్రయాథ్లాన్ అంటారు. పూర్తి ఐరన్‌మ్యాన్ దూరమైతే 3.8 కిలోమీటర్ల ఈత, 180 సైకిల్, 42.2 పరుగు. 1978లో హవాయిలో మొదటిసారి పెట్టినప్పుడు 15 మంది బయల్దేరి 12 మంది పూర్తి చేశారట. నాకు అంత సీన్ లేదు కాబట్టి అందులో సగం పెట్టుకున్నా: 1.9, 90, 21.1. అంతా కలిపితే 113.

పోటీకి వెళ్తే ఫీజు, విమానం, సైకిల్ డబ్బా, తడిసి మోపెడవుతుంది. అందుకని ఫిబ్రవరి మొదట్లో విశాఖలో మా అంతట మేమే చేసుకుందామని ముగ్గురం అనుకున్నాం. ముందురోజు రాత్రి ఒకడు మోకాలు నొప్పి అని జారుకున్నాడు గానీ, పాపం రోజంతా కారులో నీళ్లూ అరటిపళ్లూ మోస్తూ మా వెనకే తిరిగాడు, నిజానికి వాడు పరిగెత్తి ఉంటే మేం పూర్తి చేసేవాళ్లం కాదు.

మొదటి దెబ్బ దారిలోనే తగిలింది. సైకిల్‌ని ఒక ప్రైవేటు బస్సు డిక్కీలో వేశాను, అనకాపల్లి దగ్గర ఎక్కించిన కొబ్బరి బొండాల బస్తా దాని మీద పడింది. దిగి చూస్తే వెనక గేరు లోపలికి వంగి చువ్వలకు తగులుతోంది. అక్కడ డీరైలర్ హ్యాంగర్ అని చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది, దెబ్బ తగిలితే ఫ్రేమ్‌కి ఏమీ కాకుండా అదే వంగుతుంది. స్పేర్ కొనుక్కురమ్మని అందరూ చెప్పారు, నేను కొనలేదు. సాయంత్రం ఆరింటికి ఒక ఖరీదైన సైకిళ్ల షోరూమ్‌కి వెళ్తే నాలుగు రోజులు పడుతుందన్నారు. అల్లిపురం వైపు ఒక పాత సైకిల్ షాపు పెద్దాయన మాత్రం గేరు విప్పేసి, మూలనున్న ఇంకో వెనక చక్రం తీసి, దాని ఇరుసుని ఆ హ్యాంగర్ కన్నంలోకే మరలా తిప్పి బిగించాడు. ఇప్పుడు పక్కపక్కన రెండు చక్రాలు. ఒక కన్ను మూసి, పైనా కిందా వాటి మధ్య సందు సమానమయ్యేదాకా రెండో చక్రాన్ని పట్టుకుని మెల్లగా లాగాడు, అంతే. "మరీ ఒంచితే ఇరిగిపోద్ది బాబూ, ఇంకోసారి పడేసుకోకండి" అని యాభై రూపాయలు తీసుకున్నాడు. ఆ తర్వాత 90 కిలోమీటర్లలో గేరు ఒక్కసారి కూడా తప్పలేదు.

బస సంగతి. మొదటి రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో దిగాం, గది తొమ్మిది వందలు. బస్సు దిగి నడిచి వెళ్లొచ్చు, కింద ఏ రాత్రయినా తినడానికి ఏదో ఒకటి దొరుకుతుంది, అంతవరకు బానే ఉంది. కానీ సైకిల్ పైకి తీసుకెళ్లనివ్వలేదు, స్కూటర్ల మధ్య గొలుసు వేసి పెట్టమన్నారు, ఇక ఆ రాత్రి నిద్రెక్కడిది. రెండో రాత్రికి రుషికొండ దగ్గర గెస్ట్‌హౌస్‌కి మారాం, రెండువేల రెండొందలు. గదిలో సైకిల్ పెట్టుకోనిచ్చారు, బకెట్‌తో వేణ్ణీళ్లు నాలుగున్నరకే ఇచ్చారు, ఈతకు నడిచి వెళ్లేంత దగ్గర. లోటు ఏంటంటే తిండి. రాత్రి తొమ్మిది దాటితే ఆ చుట్టుపక్కల పెద్దగా ఏమీ దొరకలేదు, తెల్లవారుజామున టీ కూడా లేదు. మావాడు ఎంవీపీ కాలనీ నుంచి ఉడకబెట్టిన చిలకడదుంపలు, అరటిపళ్లు పట్టుకొచ్చాడు కాబట్టి సరిపోయింది. ఇలాంటి పనికి వచ్చేవాళ్లు ఊళ్లో చవక గది చూసుకోకండి, రుషికొండ దగ్గరే దిగండి, తిండి మాత్రం ముందురోజే తెచ్చిపెట్టుకోండి.

ఈత ఎక్కడ అన్నదానికి రెండో మాట లేదు. ఆర్కే బీచ్ చూడ్డానికి ఎంత బాగున్నా అక్కడ దిగకండి. ఒడ్డు దాటగానే లోతు, పైగా నీరు లోపలికి లాగేస్తుంది, ఏటా ఎందరో పోతున్నారు. రుషికొండకి బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ) గుర్తింపు ఉంది, ఈతకు హద్దులుంటాయి, లైఫ్‌గార్డులుంటారు. అయినా మేం ముందురోజే వాళ్లతో మాట్లాడి, పక్కన రావడానికి ఒక మత్స్యకారుడి పడవ కూడా మాట్లాడుకున్నాం, పన్నెండొందలు. మొత్తం ఖర్చులో ఇంత న్యాయమైన డబ్బు ఇంకోటి లేదు. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, చేపలకి కాదు, దేనికీ కాదు, ఊరికే ఈదుతారా?" అన్నాడు.

ఆరూ ముప్పై ఐదుకి దిగాం. అప్పుడే ఎర్రగా సూర్యుడు లేస్తున్నాడు, ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ అటు తల ఎత్తితే కళ్లజోడులో మంట తప్ప ఏమీ కనపడదు. అందుకని ఒడ్డుకి సమాంతరంగా, అటో పిల్లర్ లాంటి దీపస్తంభం, ఇటో కొండ గుర్తు పెట్టుకుని నాలుగు రౌండ్లు వేశాం. గోదావరిలో నేర్చుకున్నవాడికి సముద్రంలో మొదటి కష్టం కెరటం విరిగే చోటే. ఎదురు నిలబడితే తోసి పడేస్తుంది, అది మీదకొచ్చే ముందే తల దించి కిందనుంచి దూరిపోవాలి. నేను మొదటిదానికి నిలబడ్డాను. ముక్కులోంచి గొంతులోకి వెళ్లిన ఉప్పు సైకిల్ ఎక్కాక కూడా వదల్లేదు. రెండో రౌండు నుంచి కుదిరింది, మూడోసారి చెయ్యి వేసినప్పుడల్లా కొండ ఎక్కడుందో చూసుకోవడం, మళ్లీ తల దించడం. మధ్యలో ఒకసారి పక్కకి కొట్టుకుపోతుంటే పడవాయన తెడ్డుతో చెక్క మీద టకటకా కొట్టి ఇటు రమ్మన్నాడు. 54 నిమిషాలు.

సైకిల్‌కి విశాఖని మించింది నేను చూళ్లేదు. రుషికొండ నుంచి భీమిలి ఊరి ముందు దాకా వెళ్లి వెనక్కి తిరిగితే మా లెక్కలో ఒక రౌండు 30, మూడు రౌండ్లు కొట్టాం. ఒక పక్క సముద్రం, ఇంకోపక్క తొట్లకొండ, బావికొండ, కాస్త ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. రోడ్డు చదునుగా ఉంటుందనుకుని వచ్చాను, కాదు. చిన్న చిన్న ఎగువలు, దిగువలు ఆగకుండా వస్తూనే ఉంటాయి, మొదటి రౌండులో సరదాగా ఉన్న ఎత్తే మూడో రౌండులో పగబట్టినట్టు ఉంటుంది. మంగమారిపేట దగ్గర రోడ్డు పక్క ఎండబెట్టిన చేపల వాసన పది గంటల ఎండలో ఎలా ఉంటుందో, నోట్లో తియ్యటి డ్రింకు ఉన్నప్పుడు ఎలా ఉంటుందో ఇక్కడ రాయను. ఆదివారం కాకుండా వారంలో వెళ్లడం మంచిదైంది, సెలవురోజు తొమ్మిది దాటితే కార్లు, సెల్ఫీలకి ఉన్నట్టుండి ఆగే బైకులు ఎక్కువని మావాడు ముందే చెప్పాడు. కుక్కలకి మాత్రం వారం, వర్జ్యం లేదు. ఒక పంక్చర్‌తో కలిపి 4 గంటల 2 నిమిషాలు.

పరుగు మొదలయ్యేసరికి పదకొండూ నలభై అయిపోయింది. ఇది మా ప్లాన్‌లో తప్పు, ఇంకెవరిదీ కాదు. వేడి ముప్పై లోపే ఉన్నా ఆ ఉక్కకి చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. రుషికొండ నుంచి సాగర్‌నగర్, జోడుగుళ్లపాలెం మీదుగా ఊళ్లోకి రావాలి. కైలాసగిరి కింద ఆ మలుపుల్లో నీడ బాగుంది. తెన్నేటి పార్క్ దగ్గర బొండాలమ్మే ఆమె రెండు కొట్టి ఇచ్చి, మూడోదానికి "ముందు కూకో బాబూ, మొకం సూడు ఎలగైపోనాదో" అంది. కూర్చుంటే లేవలేనని నిలబడే తాగాను. ప్రతి నలభై నిమిషాలకీ ఓఆర్‌ఎస్, మెడ మీద ఐసు గుడ్డ. లాసన్స్ బే దాటాక తొడలు పట్టేశాయి, అక్కడినుంచి నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. మావాడు పక్కనే "గురూ, అదిగో సబ్‌మెరైన్, అదిగో సబ్‌మెరైన్" అంటూనే ఉన్నాడు, అది కనపడ్డాక కూడా మాకు ఇంకా తొమ్మిది కిలోమీటర్లున్నాయి. దూరం సరిపెట్టడానికి కురుసురా నుంచి కోస్టల్ బ్యాటరీ వైపు అటూ ఇటూ తిరిగాం. 31 ఏళ్లు నేవీలో పనిచేసి ఒడ్డుకి చేరిన ఆ సబ్‌మెరైన్‌ని అన్నిసార్లు చూసినవాడిని ఆ రోజు నేనొక్కడినే అయ్యుంటాను. బీచ్ రోడ్డులో పరుగు కావాలంటే తెల్లవారుజామున చేయాలి, అప్పుడు వాకర్ల కోసం బండ్లు ఆపుతారు. మధ్యాహ్నం ఫుట్‌పాత్ మీద జనం, ఐస్‌క్రీం బండ్లు, గుర్రాల మధ్యలోంచి దారి అడుక్కుంటూ వెళ్లాలి.

రెండూ ముప్పై తొమ్మిదికి ఆగాం. బట్టలు, బూట్లు మార్చుకున్న టైం కూడా కలిపితే 8 గంటల 4 నిమిషాలు. పెద్ద పోటీల్లో ఈ దూరానికి ఎనిమిదిన్నర గంటల గడువు ఇస్తారు కాబట్టి మేం లోపలే ఉన్నాం. ఏడాదిగా కలలు కన్న మురీ మిక్చర్ కొనుక్కుంటే ఒక్క గుప్పెడు కూడా లోపలికి పోలేదు, పొట్లం కట్టించుకున్నా.

తిరుగు ప్రయాణంలో బస్సు వద్దనుకున్నాం. సైకిల్ చక్రాలు రెండూ విప్పి, గేరు పైకి ఉండేలా కారు వెనక సీట్లో దుప్పటి మీద పడుకోబెట్టాం. నేను ముందు సీట్లో కాళ్లు మడవలేక, చాపలేక కూర్చున్నా. తునిలో టీకి ఆపారు గానీ నావల్ల దిగడం కాలేదు, టీయే కారు దగ్గరికి వచ్చింది.