8x42 బైనాక్యులర్స్ తీసుకున్నాను, రివ్యూ

విజయనగరంలో కోట దగ్గర ఒక షాపులో తీసుకున్నాను, షాపాయన 10x (పది రెట్లు పెద్దగా చూపించేది) అమ్మాలని చూశాడు గానీ చేతి వణుకుకి 8x (ఎనిమిది రెట్లు) బెటర్ అండి, 42 అంటే ముందు లెన్స్ సైజు మిల్లీమీటర్లలో, పెద్దది కాబట్టి పొద్దున్నే మసక వెలుతుర్లో కూడా పిట్ట రంగు క్లియర్‌గా తెలుస్తుంది. రామతీర్థం కొండల దగ్గర తుప్పల్లో పిట్టల్ని చూడ్డానికి సూపర్‌గా పనికొచ్చింది. బరువు మాత్రం ఉంది, మెడ లాగుద్ది, పట్టీ మార్చుకోండి.

కానీ దీంతో కలివి కోడి అనే అరుదైన పిట్ట కనబడుద్దని ఆశపడకండి. అది మన జిల్లాలో లేదు, కడప వైపు లంకమల్ల ముళ్ల పొదల్లో ఉండే పిట్ట, రాత్రిపూటే తిరుగుద్ది. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకుంటే 1986లో మళ్లీ దొరికింది. ఆ తర్వాత రీసెర్చ్ వాళ్లు కెమెరా ట్రాప్‌లు (ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరాలు) పెట్టి, మట్టి పరిచి కాలి ముద్రలు చూసి వెతికారు. దానికి చిక్కటి అడవి అక్కర్లేదు, మధ్యలో ఖాళీ నేల ఉన్న పొదలు చాలు, ఆ పొదల్నే పనికిరాని భూమి అని చదును చేసేస్తారు, కాలవలు తవ్వేస్తారు, అదే నాకు భలే బాధ.

మన దగ్గర కూడా తుప్పలు కొట్టేసి జీడిమామిడి, నీలగిరి వేస్తున్నారు కదా, అందుకే ఇది కొన్నవాళ్లు మీ ఊరి తుప్పల్లో ఏ పిట్టలున్నాయో ఇప్పుడే చూసి తేదీతో రాసిపెట్టండి. ఐదుకి నాలుగు స్టార్లు.