మేడ తోట కిట్: అనంతపురం ఎండకు, బోరు నీళ్ళకు ఏ మేరకు పనికొస్తుంది?

దసరా దగ్గరపడిందంటే చాలు, ఫోన్ తెరవగానే "20 మొక్కల టెర్రస్ గార్డెన్ కిట్" ప్రకటనలే. పెట్టె మీద పేర్లు వేరువేరు, లోపల సరుకు మాత్రం అటూ ఇటూగా ఒకటే. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ సంచులు ఇరవై (12 అంగుళాల గుండ్రటివి 8, 9 అంగుళాలవి 8, రెండడుగుల పొడవు తొట్టె లాంటివి 4), 5 కేజీల కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) దిమ్మెలు రెండు, డ్రిప్పు సెట్టు, కుళాయికి బిగించే టైమరు, 50 శాతం షేడ్ నెట్ ముక్క, పది రకాల విత్తనాల పొట్లాలు, ఇంట్లో మొలకలు పెంచుకునే ట్రేలు రెండు, క్లిప్పుతో నిలబడే ఊదారంగు లైటు ఒకటి. ఇది ఏ ఒక్క కంపెనీ సరుకు మీదో సమీక్ష కాదు, ఈ తరహా కిట్ మొత్తం మీద. చూసింది కూడా ఒక్క కోణంలోనే: ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడే అనంతపురం లాంటి ఊళ్ళో, మేడ మీద ట్యాంకు, ట్యాంకులో బోరు నీళ్ళు ఉన్న ఇంటికి, దసరా నుంచి సంక్రాంతి దాకా ఇది పనికొస్తుందా?

సంచులు బాగున్నాయి. కోకోపీట్ కడుక్కుంటే బాగుంటుంది. నెట్ ఫర్వాలేదు. డ్రిప్పు సెట్టు ఉన్నదున్నట్టు బిగిస్తే పనిచేయదు. విత్తనాల్లో సగం దండగ. లైటు ఆటబొమ్మ.

కిట్ కొనేవాళ్ళ ఆశంతా డ్రిప్పు మీదే కాబట్టి ముందు దాని సంగతి. 16 మి.మీ. మెయిన్ పైపు, 4 మి.మీ. సన్న గొట్టాలు, వాటి కొసన డ్రిప్పర్లు ఇస్తారు. డ్రిప్పరు మీద "2 ఎల్‌పీహెచ్ పీసీ" అని ఉంటే అది గంటకు 2 లీటర్లిచ్చే ప్రెషర్ కాంపెన్సేటింగ్ రకం. మోటారు తోసే నీళ్ళతో పొలంలో ఇది బంగారం లాంటి వస్తువు. మొదటి మొక్కకూ చివరి మొక్కకూ ఒకే లెక్కన నీళ్ళిస్తుంది. కాకపోతే లోపలి రబ్బరు పొర సరిగ్గా ఆడాలంటే కనీసం అర కేజీ ప్రెషరైనా ఉండాలి. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్ళకు ఒక కేజీ ప్రెషర్ వస్తుంది. మేడ మీద దిమ్మె కట్టి నిలబెట్టిన ట్యాంకు నుంచి సంచి దాకా ఉన్న ఎత్తు మహా అయితే మీటరున్నర, అంటే 0.15 కేజీ. ఆ బలానికి పీసీ డ్రిప్పరు కొన్ని చోట్ల బొట్టుబొట్టుగా కారుతుంది, కొన్ని చోట్ల అసలు తెరుచుకోదు. "డ్రిప్పర్లు డూప్లికేట్" అని చాలామంది రాసే ఫిర్యాదు వెనక తరచూ ఉండేది ఈ లెక్కే.

తేల్చుకోవడం సులువు. మెయిన్ పైపు మొదట్లో ఒక డ్రిప్పరు కింద, మధ్యలో ఒకదాని కింద, చివర ఒకదాని కింద గ్లాసులు పెట్టి, నీళ్ళు వదిలి ఆరు నిమిషాలు ఆగండి. 2 లీటర్ల డ్రిప్పరైతే ఒక్కో గ్లాసులో 200 మి.లీ. రావాలి. మొదటి గ్లాసుకూ చివరి గ్లాసుకూ పదో పదిహేనో శాతం తేడా ఉంటే వదిలేయొచ్చు. సగానికి సగం ఉంటే చివరి వరుస కార్తీకం దాటకుండానే వాడిపోతుంది.

దీనికి మందు, పీసీ డ్రిప్పర్లు పీకేసి, తిప్పి నీళ్ళు ఎక్కువ తక్కువ చేసుకునే మామూలు డ్రిప్పర్లు పెట్టడమే. డ్రిప్పు సామాను అమ్మే ఏ కొట్లోనైనా విడిగా దొరుకుతాయి. మెయిన్ పైపు చివర ఎండ్ క్యాప్ పెట్టి మూసేయకుండా, దాన్ని వెనక్కి తిప్పి టీ జాయింటుతో మొదట్లోనే కలిపేయండి. పైపు చుట్టగా మారితే నీళ్ళు రెండు వైపుల నుంచీ వస్తాయి, మొదటికీ చివరికీ తేడా బాగా తగ్గుతుంది. ఈ చిన్న సంగతి ఒక్క కిట్ మాన్యువల్లోనూ కనిపించదు.

టైమరుదీ ఇదే జబ్బు. సోలనాయిడ్ (కరెంటు అయస్కాంతంతో కదిలే వాల్వు) రకం టైమరు తెరుచుకోవడానికి, గట్టిగా మూసుకోవడానికి కూడా నీటి ఒత్తిడి మీదే ఆధారపడుతుంది. ట్యాంకు నీళ్ళకు అది సగం తెరుచుకుంటుంది. అంతకంటే ప్రమాదం, సగమే మూసుకోవడం. రాత్రంతా కారితే తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ, సంచులు బురద. కొనేటప్పుడు పెట్టె మీద "బాల్ వాల్వ్" లేదా "జీరో ప్రెషర్" అని ఉందో లేదో చూడండి. చిన్న మోటారు బంతిని తిప్పి తెరిచే రకం అది, ఏ ప్రెషరుకైనా పనిచేస్తుంది. రాసి లేకపోతే అమ్మేవాళ్ళను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఫిల్టరు అని ఇచ్చేది ఒక జల్లెడ వాషరు, అంతే. బోరు నీళ్ళకు 120 మెష్ స్క్రీన్ ఫిల్టరు వేరే కొనక తప్పదు. అది ఇసుకను ఆపుతుంది గానీ సున్నాన్ని ఆపలేదు. నెల తిరిగేసరికి డ్రిప్పరు మూతి చుట్టూ తెల్లగా పెచ్చు కడుతుంది. లీటరు నీళ్ళలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి డ్రిప్పర్లను రాత్రంతా నానేసి, పొద్దున కడిగి బిగించండి. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఈ పని తప్పదు. పొలంలో రైతులు డ్రిప్పు పైపులకు యాసిడ్ ఎక్కిస్తారని మేడ మీద ఆ సీసా తెరవొద్దు.

ఎంత నీళ్ళు? బాగా ఎదిగిన టమాటాకో క్యాబేజీకో 12 అంగుళాల సంచిలో అక్టోబరు ఎండలకు రోజుకు లీటరు నుంచి లీటరున్నర. ఆకుకూరల 9 అంగుళాల సంచికి అర లీటరు. ఒక్కసారే పోస్తే సగం అడుగు కన్నాల్లోంచి పోతుంది కాబట్టి పొద్దునా సాయంత్రం రెండు విడతలు పెట్టండి. నవంబరు నడిమికి రాత్రులు చల్లబడ్డాక పొద్దున ఒక్క విడత చాలు.

ఇక కోకోపీట్. 5 కేజీల దిమ్మె నీళ్ళు తాగి 65 నుంచి 75 లీటర్ల పొట్టు అవుతుంది. కిట్‌లోని సంచులన్నీ కలిపి 420 లీటర్ల దాకా పడతాయి. అంచు వదిలి నింపితే 380 లీటర్లు. అంటే రెండు దిమ్మెలూ కలిపి మూడో వంతు నింపుతాయి. మిగతా రెండు వంతులు ఎర్రమట్టి, వర్మి కంపోస్టు, సమానంగా. ఈ లెక్క కిట్ వాళ్ళు బాగానే వేశారు గానీ ప్రకటనలో మట్టి మాట ఎత్తరు. ఐదారు బస్తాల ఎర్రమట్టి మెట్లెక్కించే పని మీదే.

అసలు చిక్కు ఉప్పు. కొబ్బరి పీచులో సోడియం, పొటాషియం ఉంటాయి. చౌక దిమ్మెను సరిగ్గా కడగకుండానే అచ్చు వేస్తారు. పెట్టె మీద "లో ఈసీ" (ఈసీ అంటే ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) అన్న మాట ఉన్నా మీటరు పెట్టి చూసుకోవడం మంచిది. దిమ్మెను వంద లీటర్ల డ్రమ్ములో వేసి 25 లీటర్ల నీళ్ళు పోయండి. విచ్చుకున్నాక మళ్ళీ నిండుగా నీళ్ళు పోసి గంట ఉంచి, పాత పంచెలో వేసి పిండండి. పిండిన నీళ్ళలో టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన ఉప్పును పీపీఎంలో చూపించేది) ముంచి, మీ కుళాయి నీళ్ళతో పోల్చండి. కుళాయి 800 చూపించి, పిండిన నీళ్ళు 1800 చూపిస్తే ఇంకా కడగాలి. తేడా 200 లోపుకు వచ్చిందాకా, మామూలుగా మూడు కడుగుళ్ళు. మొదటి కడుగు కాఫీ డికాక్షన్‌లా ఉంటుంది, మూడోది పలచటి టీ రంగుకు వస్తుంది. ఇది ఎగ్గొడితే మొలకల ఆకు అంచులు పదో రోజుకే మాడతాయి, అప్పుడు నీళ్ళు చాల్లేదనుకుని ఇంకా పోస్తారు.

పొడి గాలికి కోకోపీట్ పైపొర మధ్యాహ్నానికే తెల్లబారుతుంది, లోపల మాత్రం తడిగానే ఉంటుంది. కంటితో చూసి పోయొద్దు, వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి. పూర్తిగా ఎండనిస్తే ఇంకో తంటా: పొట్టు నీళ్ళు పీల్చుకోదు, పోసినవి సంచి గోడ వెంట జారి కిందికి పోతాయి. అందుకే పైన రెండు అంగుళాల మందాన కప్పు వేయాలి. అనంతపురంలో దానికోసం కొట్టుకెళ్ళక్కర్లేదు, వేరుశనగ పొట్టు ఉండగా.

సంచుల విషయంలో కిట్‌కు మార్కులు వేయాలి. 220 జీఎస్‌ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) పైన, ఎండకు చిట్లకుండా యూవీ స్టెబిలైజ్ చేసిన హెచ్‌డీపీఈ సంచి మన గాలికి సరైనది. ఈ మధ్య ఫ్యాషనైన ఫెల్ట్ గుడ్డ సంచులు తేమ గాలి ఉన్న చోట్లకు బాగుంటాయి. ఇక్కడ పక్క గోడల్లోంచే నీళ్ళు ఆవిరైపోయి, బయట తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. సంచిని నేరుగా స్లాబు మీద కాకుండా రెండు ఇటుకల మీద పెట్టండి, అడుగు కన్నాలు మూసుకోవు. పడమటి ఎండ తగిలే వైపు ఖాళీ తొట్లో, పాత చెక్కో అడ్డం పెడితే వేర్లు ఉడకవు.

షేడ్ నెట్ నాణ్యత ఫర్వాలేదు, కాకపోతే ఐలెట్లు (అంచుల్లో తాడు దూర్చే కన్నాల రింగులు) ఉండవు. తాడు నేరుగా గుచ్చి కడితే గాలికి అక్కడే చిరుగుతుంది, నెట్ క్లిప్పులు వాడాలి. అక్టోబరంతా ఉంచి, నవంబరు నడిమికి తీసేయండి. ఆ తర్వాత కూడా ఉంచితే పాలకూర సన్నగా సాగుతుంది, ముల్లంగి గడ్డ కట్టదు.

విత్తనాల పొట్లాల్లో సొర, దోస, బెండ కూడా పడేస్తారు, ఏ కాలంలో కొన్నా ఒకే కలగూరగంప. కార్తీకంలో వేస్తే చలికి తీగ ముడుచుకుని కూర్చుంటుంది. పొట్లం మీద లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ, మొలక శాతం ఉండాలి. లేనిదాన్ని నమ్మి ఒక సంచి మట్టి ఖర్చు చేయకండి. ఉన్నా సరే, ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి వారం చూడండి, పధ్నాలుగు కూడా మొలకెత్తకపోతే పక్కన పడేయండి. "స్పినాచ్" అన్న పొట్లం మన పాలకూర కాకపోవచ్చు. సీమ స్పినాచ్ మన ఎండకు ఆకు వేయకుండానే పూతకొస్తుంది. "ఆల్ గ్రీన్" రకం పాలకూర అడిగి తెచ్చుకోండి, నెలకు మొదటి కోత వస్తుంది. ముల్లంగిలో "పూసా చేత్కి" వేడిని తట్టుకుంటుంది, 40-45 రోజులకు పీకొచ్చు. టమాటాకు బెంగళూరు హెస్సరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వారి "అర్క రక్షక్" ఆకుముడత వైరస్‌ను తట్టుకునే రకం. ఆ వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ ఎక్కువ ఉన్న మన ఊళ్ళకు అదే మేలు.

కొత్తిమీర పొట్లానికైతే డబ్బు పెట్టనే వద్దు. కొత్త ధనియాలు తెచ్చి, పీట మీద పోసి చెప్పుకాలితో కాకుండా చపాతీ కర్రతో మెల్లగా దొర్లిస్తే గింజ రెండు బద్దలవుతుంది. నలిగి పొడి కాకూడదు. రాత్రంతా నానబెట్టి అర అంగుళం లోతున చల్లండి. ఎనిమిది నుంచి పన్నెండు రోజులకు మొలుస్తుంది. దసరా ముందు తొందరపడి చల్లితే మట్టి వేడికి మొలక పల్చబడుతుంది.

ఏం వేయాలో కాలం సగం చెబితే మీ నీళ్ళు సగం చెబుతాయి. ఉప్పుకు బీన్స్, క్యారెట్ అందరికంటే ముందు దెబ్బతింటాయి. మట్టి తేమలో ఈసీ 1 దాటితే దిగుబడి పడిపోతుంది. ముల్లంగి, ఉల్లి 1.2 దాకా, క్యాబేజీ 1.8, టమాటా 2.5, బీట్‌రూట్ 4 దాకా ఓర్చుకుంటాయి. చౌక మీటర్లలో ఈసీ 1 అంటే 500 నుంచి 640 పీపీఎం. సంచిలో పేరుకునేది నీళ్ళలో ఉన్నదానికంటే ఎప్పుడూ ఎక్కువే అని గుర్తుంచుకుంటే, 900 చూపించే బోరు కింద క్యారెట్ మీద ఆశ పెట్టుకోరు. బీట్‌రూట్, దాని చుట్టమే అయిన పాలకూర వేసుకోవచ్చు. పదిహేను రోజులకోసారి అడుగు నుంచి ధారగా కారేదాకా నీళ్ళు పోసి ఉప్పు దింపేయాలి. ఆర్వో మిషను వదిలేసే నీళ్ళు మొక్కలకు పోసి పుణ్యం కట్టుకున్నామనుకుంటారు కొందరు. అవి కుళాయి నీళ్ళకంటే ఉప్పన, వద్దు. ఏసీ గొట్టం నీళ్ళయితే మొలకలకు శ్రేష్ఠం.

ఇంటి లోపలి సామానుకు పెద్ద మాటలు అక్కర్లేదు. ఊదారంగు లైటు యూఎస్‌బీతో నడుస్తుంది, అంటే మామూలుగా 10 వాట్లు కూడా దాటదు. దాంతో మెంతి మొలకలు తప్ప ఏవీ నిలబడవు. దాని బదులు 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు, 6500 కెల్విన్ రాసి ఉన్నవి, ట్రేకు జానెడు ఎత్తున కట్టి 14 గంటలు వెలిగించండి. రోజుకు అర యూనిట్ పైచిలుకు, నెలకు 17 యూనిట్లు. దక్షిణం కిటికీ ఉంటే ఆ ఖర్చూ లేదు. దక్షిణాయనంలో సూర్యుడు అటు వాలి ఉంటాడు కాబట్టి అక్టోబరు నుంచి జనవరి దాకా ఆ కిటికీలోంచి ఎండ గదిలోకే వస్తుంది. ట్రేలు మాత్రం మంచివే. మెంతులు ఎనిమిది గంటలు నానబెట్టి, గింజ మీద గింజ పడకుండా పరిచి, మొదటి మూడు రోజులు రెండో ట్రే బోర్లించండి. ఫ్యాను గాలి తగిలితే మొలక కొస ఎండిపోతుంది. పది రోజులకు కత్తిరించుకోవచ్చు.

విడిగా కొనగలిగితే సంచులు, కోకోపీట్, ట్రేలు కొని, మిగతా డబ్బు బాల్ వాల్వ్ టైమరుకూ ఫిల్టరుకూ పెట్టండి. కిట్టే కావాలంటే పెట్టె వచ్చిన రోజే, మట్టి కలపక ముందే, టైమరును ట్యాంకు కుళాయికి బిగించి పది నిమిషాలు తెరిచి, మూసి, గంట తర్వాత చుక్క కారుతోందో చూడండి. కారుతుంటే వీడియో తీసి, వాపసు గడువు దాటకముందే పంపేయండి. పెట్టె, సీలు పారేయకండి.