పసుపు అంకెలు రాసిన సామాన్లు: రాయగడలో ఆరేళ్ల కొనుగోళ్లపై సమీక్ష

మాది ఒడిశాలోని రాయగడ. 2017లో కొన్న బి.ఎస్-4 (పొగ కాలుష్యానికి అప్పటి ప్రమాణం) బొలెరో పికప్‌లో చింతపండు, అల్లం, అనాసపండ్లు పార్వతీపురం, బొబ్బిలి మార్కెట్లకు చేర్చి, తిరుగు ప్రయాణంలో సిమెంటో కిరాణా సరుకో వేసుకుని రావడం నా పని. 2019 చివరి నుంచి ఈ బండికి కావలసిన విడిభాగాలలో అధికభాగం ఊళ్లోని ఒకే కొట్టులో కొంటున్నాను. ప్రమాదాలలో దెబ్బతిన్న బండ్ల నుంచి విప్పిన పాత సామాన్లు, కంపెనీ పెట్టెలో కాక వేరే తయారీదారుల పేర్లతో వచ్చే కొత్త సామాన్లు, రెండూ అక్కడ దొరుకుతాయి. రెండో రకాన్ని మా వైపు లోకల్ సామాను అంటారు. ఆరేళ్లలో రెండింటి మీదా బాగానే ఖర్చు పెట్టాను కనుక, ఏది నిలిచిందో ఏది ముంచిందో ఇక్కడ రాస్తున్నాను.

ఈ కొట్టు యజమానికి ఒక అలవాటు ఉంది. బండి విప్పిన రోజునే, ప్రతి పెద్ద భాగం మీదా ఆ బండి నంబరులోని చివరి నాలుగు అంకెలను పసుపు పెయింటుతో రాస్తాడు. అది ఆయన సొంత లెక్క కోసమే అనుకుని మొదట్లో నేను పట్టించుకోలేదు. ఆ అంకెలు చెప్పి అడిగితే ఆ బండి ఎక్కడ, ఎలా దెబ్బతిన్నదో, ఎన్నాళ్లు నడిచిందో ఆయన నోట్‌బుక్ చూసి చెప్పగలడని తరువాత తెలిసింది. వెనుక నుంచి లారీ గుద్దిన బండి అయితే రేడియేటరు, డైనమో, సెల్ఫ్ మోటారు నిస్సందేహంగా తీసుకోవచ్చు. లోయలోకి దొర్లిన బండి అయితే, పైకి ఎంత బాగా కనిపించినా, యాక్సిల్, స్టీరింగ్ సామాన్ల జోలికి పోవద్దని ఆయనే అంటాడు. అమ్ముకునేవాడు తన సరుకును తానే వద్దనడం నేను మరెక్కడా చూడలేదు.

పసుపు అంకెలున్న సామాన్లు నన్ను మోసం చేయలేదు. 2020లో 2,800 రూపాయలకు కొన్న డైనమో నేటికీ పనిచేస్తున్నది. కొనేముందు కొట్టులోనే ఇంకో బండికి బిగించి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటరు పెట్టి చూశాము. పద్నాలుగు వోల్టులకు అటూ ఇటూగా చూపింది. బేరింగులో గరగర లేదు. ఇవి రెండూ చూడకుండా పాత డైనమో కొనకూడదు. వెనుక కమాన్ కట్టలు, అంటే బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు కూడా పాతవే తెచ్చాను. వాటిలో చూడవలసినది సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ వెంట్రుకంత పగులు ఉందా, రెండు కట్టల వంపూ సమానంగా ఉందా అన్నదే. తుప్పును చూసి భయపడనక్కరలేదు, వైరు బ్రష్షుతో గీకితే పోతుంది. అయితే పగులు కూడా ఆ తుప్పు కిందనే దాగి ఉంటుంది కనుక గీకకుండా డబ్బు ఇవ్వకండి.

ఇక గేర్‌బాక్సు సంగతి. 2022 వానాకాలంలో మూడో గేరు పళ్లు పోయాయి. కొట్టులో ఆ సమయానికి మా మోడలు గేర్‌బాక్సు లేదు. బయటి ఊరి నుంచి తెప్పిస్తానని చెప్పి, పది రోజుల తరువాత ఒకటి తెప్పించాడు. మా మిస్త్రీ దానిని అటూ ఇటూ తిప్పి చూసి, "గురువుగారూ, దీని మీద నంబరు లేదు, ఒకసారి ఆలోచించుకోండి" అన్నాడు. పది రోజులుగా బండి నిలిచిపోయి, అల్లం కుళ్లిపోతుందని రైతులు ఫోన్లు చేస్తున్న తొందరలో ఆ మాట నాకు తలకెక్కలేదు. 21,000 రూపాయలు ఇచ్చాను. నాలుగు నెలలు తిరగకముందే, కొరాపుట్ వైపు ఘాట్ దిగుతుండగా, రెండో గేరు వేసిన బండి దానంతట అదే న్యూట్రల్‌లో పడడం మొదలుపెట్టింది. నిండు బరువుతో దిగుడులో ఇంజన్ పట్టు తప్పితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఆ రోజు క్షేమంగా కిందికి చేరడం నా నేర్పు వల్ల కాదు. నోటిమాట గ్యారంటీ పదిహేను రోజులే కనుక డబ్బు తిరిగి ఇవ్వనన్నాడు కొట్టు యజమాని. గంటసేపు వాదించాక, గేర్లు సాఫీగా కలవడానికి ఉండే సింక్రోనైజర్ రింగుల ఖరీదు మాత్రం వదులుకున్నాడు, మజూరీ నేనే పెట్టుకున్నాను. ఈ సమీక్షలో నేను పూర్తి మార్కులు ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

లోకల్ కొత్త సామాన్ల విషయంలో నా అభిప్రాయం ఇంత మెత్తగా లేదు. క్లచ్ ప్లేటు ఫరవాలేదు, అద్దాలు, టెయిల్ ల్యాంపులు బాగానే ఉన్నాయి. రబ్బరు మాత్రం తీసుకోవద్దు. ఇంజన్ మౌంటింగులు ఎనిమిది నెలలకే కుంగిపోయాయి, రేడియేటరు గొట్టం ఒక వేసవి కూడా దాటలేదు. రబ్బరు వాడకపోయినా, ఎండకూ వేడికీ అల్మారాలోనే గట్టిపడిపోతుంది కనుక, పాత బండి నుంచి విప్పిన సీళ్లూ బుష్‌లూ అంతకన్నా పనికిరావు. డీజిల్ ఫిల్టరు విషయంలో వంద రూపాయలు మిగుల్చుకోవాలని చూసి ఒకసారి, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మీదికి తెచ్చుకున్నాను. కామన్ రైల్ ఇంజన్‌లో ఇంధనం మీద ఒత్తిడి చాలా ఎక్కువ, ఇంజెక్టర్ల రంధ్రాలు అతి సన్ననివి, మురికి ఏమాత్రం దాటినా అవి తట్టుకోవు. బ్రేక్ లైనర్లు, వీల్ సిలిండర్లు కంపెనీ పెట్టెలోవే కొంటాను. పాత బ్రేక్ డ్రమ్ములు కొనేవారు, డ్రమ్ము మీద పోతపోసి ఉండే గరిష్ఠ వ్యాసాన్ని చదివి, లోపల కొలిపించుకోవాలి.

బిల్లు దగ్గర ఈ కొట్టు బలహీనమైనది. పాత సామానుకు చిన్న కాగితం మీద రాసిన కచ్చా చీటీయే ఇస్తారు. కొత్త సామానుకు అడిగితే తప్ప జి.ఎస్.టి. బిల్లు రాయరు. విడిభాగాలలో చాలావాటి మీద అంతకుముందు 28 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి అన్నింటికీ 18 శాతమైంది కనుక, చీటీకీ బిల్లుకీ మధ్య ఉన్న తేడా తగ్గింది. అప్పటి నుంచి బిల్లు లేనిదే కొత్త సామాను తీసుకోవడం మానేశాను. పాత ఇంజన్ కూడా అమ్ముతారు. నేను కొనలేదు. బ్లాకు మీద చెక్కిన నంబరు ఆర్.సి.లోని నంబరుతో సరిపోవాలి, మారితే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్.సి.లో మార్పించుకోవాలి; చీటీ తప్ప ఆధారం లేని ఇంజన్‌తో ఆ పని జరగదు.

కొట్టులో ఒడియా, తెలుగు రెండూ నడుస్తాయి. ఉదయం పది దాటితే రద్దీ. ఎనిమిదికి వెళితే యజమానే స్వయంగా చూపిస్తాడు. ప్రస్తుతం ఎడమ తలుపు కోసం చెప్పి ఉంచి మూడు నెలలైంది. రెండు తలుపులు వచ్చాయి కానీ వాటి మీద అంకెలు లేవు. తలుపుకు చరిత్ర ఎందుకు బాబూ అని ఆయన నవ్వాడు. నేను మాత్రం తాడు కట్టుకునే తిరుగుతున్నాను.