నైట్రోజనా, మామూలు గాలా? మన వైజాగ్ రోడ్లకు ఏది మేలు

కిందటి జనవరిలో అరకు నుంచి దిగి వస్తున్నాం. ఘాట్ దాటి ఎస్.కోట చేరేసరికి కారు ఎడమవైపుకి లాగుతోంది. దిగి చూస్తే ముందు టైరు కూర్చున్నట్టు కనిపించింది. ఎదురుగానే పెట్రోల్ బంకు. గాలి పట్టే కుర్రాడు పైపు పట్టుకుని వచ్చాడు కూడా. నేనే వద్దన్నాను. నాలుగు టైర్లలోనూ నైట్రోజన్ ఉంది, అందులో మామూలు గాలి కలిపితే మొత్తం పాడైపోతుందని కొట్టిన షాపువాళ్లు గట్టిగా చెప్పారు మరి. ఆ మాట పట్టుకుని పెందుర్తి దాకా నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చేశాను. అక్కడ పంచర్ షాపతను టైరు విప్పి, లోపల చెయ్యి పెట్టి తీస్తే గుప్పెడు నల్లటి రబ్బరు పొడి వచ్చింది. "గాలి లేకుండా నడిపేశారు బాబూ, పక్కలు లోపల అరిగిపోయాయి. ఇక దీన్ని నమ్మకండి" అన్నాడు. గుచ్చుకున్నది చిన్న మేకు. పంచర్ వేయిస్తే సరిపోయేదానికి టైరే పోయింది.

అందుకే అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇది: నైట్రోజన్ ఉన్న టైరులో మామూలు గాలి నిరభ్యంతరంగా కలపొచ్చు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. మిగతాది దాదాపు 21 శాతం ఆక్సిజన్, ఒక శాతం లోపు ఆర్గాన్, ఆపైన కాస్త తేమ. షాపులో ఉన్న నైట్రోజన్ మిషను కూడా బయట నుంచి ఇదే గాలిని పీల్చి, ఆక్సిజన్‌నీ తేమనీ చాలావరకు తీసేసి మిగిలింది పంపుతుంది. రెండూ కలిస్తే నైట్రోజన్ శాతం కొంచెం తగ్గుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. టైరు తగ్గినప్పుడు దగ్గర్లో ఏది దొరికితే అది కొట్టించేయండి. నైట్రోజన్ ఉందని గుర్తుగా వాల్వ్ మీద పెట్టే ఆకుపచ్చ క్యాప్ చూసి ఆగిపోవద్దు.

పైగా ఆ ఆకుపచ్చ క్యాప్ కింద ఉన్నది కూడా స్వచ్ఛమైన నైట్రోజన్ ఏమీ కాదు. వాల్వ్ పిన్ తీసి గాలి మొత్తం వదిలేశాం అనుకుంటాం గానీ, అప్పటికీ టైరు లోపల బయట ఉన్నంత ఒత్తిడితో గాలి మిగిలే ఉంటుంది. దాని మీద 33 పీఎస్ఐ (టైరులో ఒత్తిడిని కొలిచే లెక్క) వరకు 95 శాతం నైట్రోజన్ కొడితే, లెక్క వేస్తే చివరికి తేలేది 90 శాతం దగ్గర. అంటే 78ని 90 చేయడానికి డబ్బు కడుతున్నాం. నిజంగా ఎక్కువ శాతం కావాలంటే ఒకసారి నింపి, వదిలేసి, మళ్లీ నింపాలి. నా ఎదుట అలా చేసిన షాపు ఇంతవరకు లేదు.

సరే, లాభమేమీ లేదా అంటే ఉంది. రబ్బరులోంచి ఆక్సిజన్ కన్నా నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోతుంది. ఎంత నెమ్మదిగా అన్నదే ప్రశ్న. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2006 సెప్టెంబరు నుంచి ఏడాదిపాటు 31 రకాల టైర్లను ఆరుబయట పెట్టి చూసింది. అన్నీ 30 పీఎస్ఐతో మొదలుపెట్టారు. ఏడాది తర్వాత మామూలు గాలి ఉన్నవి సగటున 3.5, నైట్రోజన్ ఉన్నవి 2.2 పీఎస్ఐ తగ్గాయి. ఏడాదికి తేడా 1.3. అసలు గమనించాల్సింది, నైట్రోజన్ కూడా తగ్గింది. కొట్టించి మరిచిపోవచ్చు అనే మాట ఇక్కడే తేలిపోతుంది.

మైలేజీ సంగతీ ఇంతే. నాలుగు టైర్లలో సగటున 1 పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. 1.3 పీఎస్ఐకి పావు శాతం అనుకోండి. నెలకు 6,000 రూపాయల పెట్రోలు పోయించేవాళ్లకు 15 రూపాయలు. అదీ ఏడాదంతా ఒక్కసారి కూడా గాలి చూసుకోకపోతే, ఆ ఏడాది చివర్లో వచ్చే తేడా. నైట్రోజన్ తేలిక కాబట్టి బండి తేలిగ్గా పోతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. చిన్న కారు టైరులో ఉండే గాలి మొత్తం బరువే వంద గ్రాముల చుట్టుపక్కల, అందులో తేడా కొన్ని గ్రాములు.

ఇక వేడి. ఎండాకాలం ఎన్‌హెచ్ 16 ఎక్కితే మామూలు గాలి ఉబ్బి టైరు పేలుతుంది, నైట్రోజన్ ఉబ్బదు అంటారు. ఇది తప్పు. పొడిగా ఉన్న ఏ వాయువైనా వేడికి ఒకేలా ఉబ్బుతుంది, చలికి ఒకేలా తగ్గుతుంది. 33 పీఎస్ఐ ఉన్న టైరులో ప్రతి 10 డిగ్రీల సెల్సియస్‌కు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది. మన అరకు ప్రయాణమే చూడండి. మధ్యాహ్నం 30 డిగ్రీల్లో సిటీలో 33 పెట్టించి బయలుదేరారు. రాత్రి అక్కడ ఉండి, తెల్లవారుజామున 10 డిగ్రీల చలిలో చూస్తే చలి వల్ల మూడు తగ్గాలి. కానీ అరకు 900 మీటర్ల ఎత్తు. పైన గాలి పలచబడి బయటి ఒత్తిడి తగ్గుతుంది, గేజి చూపించేది లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ ఉన్న తేడానే కాబట్టి ఒకటిన్నర ఎక్కువ చూపిస్తుంది. రెండూ పోగా 31, 32 మధ్య కనిపిస్తుంది. లోపల నైట్రోజన్ ఉన్నా, మన ఆర్కే బీచ్ గాలి ఉన్నా అంతే. టైరు పేలేది లోపలున్న వాయువు రకాన్ని బట్టి కాదు. గాలి తక్కువై, పక్కలు మడతపడి లేస్తూ, ఆ రాపిడికి రబ్బరు కాగిపోయి పేలుతుంది. నా టైరులోంచి వచ్చిన నల్లటి పొడి దానికి మొదటి మెట్టు. ఇంటిల్లిపాదీ కారులో ఉండగా అక్కడిదాకా తెచ్చుకున్నానని తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

నైట్రోజన్‌కి నేను నిజంగా మార్కులు వేసేది ఒక్క తేమ విషయంలోనే. మన ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు. సముద్రపు ఊరు, ఉక్క ఎంతుంటుందో తెలిసిందే. ఆ గాలినే కంప్రెసర్ పీల్చి బిగిస్తుంది, బిగించిన గాలిలోంచి నీరు దిగి ట్యాంకు అడుగున చేరుతుంది. ఒక ఆగస్టులో గాజువాక ఆటోనగర్‌లో ఒక షాపులో నా ఎదురుగానే ట్యాంకు కింద కుళాయి తిప్పారు. బుస్సుమని టీ రంగు నీళ్లు, తుప్పు నలకలతో సహా, ఒక మగ్గుకి పైగా వచ్చాయి. రోజూ వదలకపోతే ఆ నీరే పైపులోంచి టైరులోకి పోతుంది. స్టీలు రిమ్ములు లోపల నుంచి తుప్పు పడతాయి, టైరు అంచు రిమ్మును పట్టుకునే చోట సన్నగా లీకు మొదలవుతుంది. టైరులో నిజంగానే నీటి చుక్కలు ఉంటే ఒత్తిడి కూడా నిలకడగా ఉండదు. 30 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కేసరికి ఆ నీటి ఆవిరి ఒక్కటే రెండు పీఎస్ఐకి పైగా అదనంగా కలుపుతుంది. నైట్రోజన్ పొడిగా వస్తుంది కాబట్టి ఈ బాధ ఉండదు. మామూలు గాలి పట్టించేవాళ్లకు ఒక చిన్న పరీక్ష: టైరుకి పెట్టే ముందు పైపును ఒక్క క్షణం అరచేతి మీదకి వదలమనండి. చెయ్యి పొడిగా ఉంటే సరే. తుంపర పడితే వేరే బంకుకి వెళ్లండి.

విమానాల్లో వాడతారు కదా అని అడుగుతారు. వాడతారు, దానికి తగ్గ కారణమూ ఉంది. 1986 మార్చి 31న మెక్సికానా సంస్థ బోయింగ్ 727 విమానం గాలిలో ఉండగా, మామూలు గాలి నింపిన టైరు బ్రేకు వేడికి పేలి, విమానం కూలి 167 మంది చనిపోయారు. మరుసటి ఏడాది అమెరికా విమానయాన అధికారులు పెద్ద విమానాల బ్రేకు చక్రాలకు నైట్రోజన్ లాంటి జడవాయువునే తప్పనిసరి చేశారు. కాగిపోయిన రబ్బరు ఆవిరికి లోపలి ఆక్సిజన్ తోడై మండకూడదని ఆ జాగ్రత్త. మన కారు సింహాచలం ఘాట్‌లో బ్రేకు మీదే దిగినా ఆ వేడికి దరిదాపుల్లోకి రాదు.

అయితే ఎవరికి మేలు? మా బావమరిది మర్చంట్ నేవీలో చేస్తాడు. ఆరేసి నెలలు కారు అపార్టుమెంటు సెల్లార్‌లో కదలకుండా ఉంటుంది. "నీలాంటి వాడికే ఇది" అని నేనే దగ్గరుండి నైట్రోజన్ కొట్టించాను. ఓడ మీదకో, బయటి దేశానికో వెళ్లిపోయి నెలల తరబడి బండి ముట్టుకోని వాళ్లకు పెట్టిన డబ్బు దండగ కాదు. కొత్త టైర్లు వేయించినప్పుడు షాపువాళ్లు ఉచితంగా కొడతామంటే కాదనకండి.

రోజూ మధురవాడ నుంచి గాజువాక తిరిగే నాలాంటి వాళ్లకు మాత్రం మామూలు గాలే మేలు, నిస్సందేహంగా. పెట్రోల్ బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలన్నది నిబంధన. రెండు వారాలకోసారి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగా, డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద రాసిన అంకె ప్రకారం పెట్టించుకుంటే చాలు. బైకులకు, స్కూటర్లకు వారానికోసారి చూడాలి, వాటి టైర్లలో పట్టే గాలే తక్కువ. ఆనందపురం నుంచి వచ్చాక వేడి మీద 36 చూపించిందని మూడు తీసేయకండి, చల్లారితే అది 33కే వస్తుంది. ఒక గేజి కొనుక్కుని డాష్‌బోర్డులో పడేసుకోండి, బంకు గేజీలన్నీ ఒకే అంకె చూపించవు.

ఒక్క చోట మాత్రం అందరికీ నైట్రోజనే చెబుతాను. స్టెప్నీకి. ఏడాదికోసారి కూడా మనం ముట్టుకోని టైరు అదే. ఆ రోజు పెందుర్తిలో పాడైన టైరు పక్కన పెట్టి, డిక్కీలో సామానంతా దించి స్టెప్నీ బయటికి తీశాం. పంచర్ షాపతను గేజి పెట్టి నాకు చూపించాడు. 18.