పక్కన టవర్లు లేస్తున్నాయా? పరివేష్‌ పోర్టల్‌ ఎంతవరకు పనికొస్తుందంటే

హైదరాబాద్‌ శివార్లలో కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్‌ వైపు పాత కాలనీల పక్కనే నలభై అంతస్తుల టవర్లు లేస్తున్నాయి. తెలంగాణలో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేదు కాబట్టి కొద్ది ఎకరాల్లోనే వెయ్యి ఫ్లాట్లు వచ్చేస్తాయి. వాళ్లందరికీ నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది అన్నదే కాలనీవాళ్ల భయం. బ్రోషర్‌లో దానికి జవాబుండదు. పర్యావరణ అనుమతుల దరఖాస్తుల కోసం కేంద్ర పర్యావరణ శాఖ 2018లో తెచ్చిన పరివేష్‌ పోర్టల్‌లో ఉంటుంది, అదీ ఉచితంగా. 20,000 చదరపు మీటర్లు (సుమారు 2.15 లక్షల చదరపు అడుగులు), ఆపైన కట్టే ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి, అంటే ఈసీ, తప్పనిసరి.

హోర్డింగ్‌ మీది పేరుతో వెతికితే చాలాసార్లు ఏమీ రాదు. దరఖాస్తు కంపెనీ పేరు మీద, సర్వే నంబర్లతో ఉంటుంది. ముందు హోర్డింగ్‌ మీది రెరా (రియల్‌ ఎస్టేట్‌ నియంత్రణ సంస్థ) నంబరు పట్టుకుని తెలంగాణ రెరా సైట్‌లో కంపెనీ పేరు, ఊరు, సర్వే నంబర్లు రాసుకోండి. వాటితో పరివేష్‌లో వెతకండి.

ఫైలు దొరికాక నేరుగా నీళ్ల లెక్క పట్టిక దగ్గరికి వెళ్లండి. ఈ పోర్టల్‌ విలువంతా ఆ ఒక్క పేజీలోనే ఉంది. 1,000 ఫ్లాట్లు, ఇంటికి ఐదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే మొత్తం 6.75 లక్షల లీటర్లు. మనిషికి 45 లీటర్లు ఫ్లష్‌కు శుద్ధి చేసిన నీళ్లే వాడినా, మంచినీళ్లు 4.5 లక్షల లీటర్లు కావాలి. పైపులైను రాకముందే జనం దిగితే అది రోజుకు 10,000 లీటర్ల ట్యాంకర్లు 45. అన్నీ మీ రోడ్డు మీదుగానే.

మురుగు దాదాపు 5.5 లక్షల లీటర్లు. ఎస్‌టీపీలో (మురుగు శుద్ధి ప్లాంటులో) శుద్ధి చేశాక ఫ్లష్‌కు 2.25 లక్షలు పోగా మిగిలినవి వేసవిలో మొక్కలకు పోస్తారు. వానాకాలంలో మొక్కలకు నీళ్లక్కర్లేదు. అందుకే పట్టికలో వానాకాలం గడి చూడండి: మిగులు ఎంత, ఎక్కడికి వదులుతామన్నారు? డ్రైనేజీ లైను అని రాసి, ఆ రోడ్డులో లైనే లేకపోతే ఆ నీళ్లు నాలాలోకి, అక్కణ్నుంచి చెరువులోకి పోతాయి. అభ్యంతరానికి ఇంతకంటే గట్టి పాయింటు ఉండదు.

స్థలం హద్దుల కేఎంఎల్‌ ఫైలు (మ్యాప్‌ మీద హద్దులు చూపే ఫైలు) ఉంటే మ్యాప్‌లో తెరిచి చెరువు ఎఫ్‌టీఎల్‌తో, అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దుతో, పోల్చండి. భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9, లోపైతే 2 మీటర్లు.

ట్రాఫిక్‌ భాగం మాత్రం బలహీనం. సాధారణంగా ప్రతి ప్రాజెక్టునూ విడిగానే తూస్తారు. ఒకే కిలోమీటరులో పది వస్తే పదింటి బరువు కలిపి చూసే పేజీ ఉండదు. పైగా అంతా ఇంగ్లీషే. స్కాన్‌ చేసిన పీడీఎఫ్‌లలో సర్వే నంబరు టైపు చేసి వెతికినా దొరకదు, పేజీలు తిప్పాల్సిందే.

అసలు లోపం పోర్టల్‌ది కాదు, చట్టానిది. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌ భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీకైతే ఊళ్లో సభ పెడతారు, వెయ్యి ఫ్లాట్లకు పెట్టరు. ఇంత పెద్ద మార్పు పక్కింటివాళ్లకు చెప్పకుండా జరగడం అన్యాయమే. కాబట్టి పునాది తవ్వకం మొదలయ్యేదాకా ఆగకండి. ఫైలు రాష్ట్ర నిపుణుల కమిటీ దగ్గర ఉండగానే లెక్కలతో లేఖ పంపండి. ఈసీ వచ్చేస్తే చెన్నైలోని గ్రీన్‌ ట్రిబ్యునల్‌ బెంచ్‌లో అప్పీలుకు 30 రోజులే గడువు; తగిన కారణం చూపితే మరో 60.

పోర్టల్‌కు నా మార్కులు: నీళ్ల లెక్కకు 5కి 4, ట్రాఫిక్‌కు 1. ఈసీ వచ్చాక కూడా దీన్ని వదలకండి: షరతుల అమలు నివేదిక ఏటా జూన్‌ 1, డిసెంబరు 1 నాటికి ఇవ్వాలి. అందులో ఎస్‌టీపీ నడుస్తోందని రాసి, నాలాలో నురగ కనిపిస్తే, తేదీ పడేలా ఫొటో తీసి కాలుష్య నియంత్రణ మండలికి పంపండి.