ఎంజీబీనా, టీఆర్6నా? ముందు డోర్ కింద చూడండి

పోయినేడాది నేను 1971 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు లేని కారు, కొన్నప్పటి నుంచి ఇక్కడ ఇంగ్లండ్‌లో మనవాళ్లు ఎక్కడ కలిసినా ఒకటే ప్రశ్న. రెడింగ్‌లో ఉగాది పచ్చడి తింటూ ఒకరు, స్లౌలో ఎవరింట్లోనో వ్రతం ప్రసాదం చేతిలో పట్టుకుని ఇంకొకరు: "అన్నా, పాత బ్రిటిష్ టూ సీటర్ ఒకటి తీసుకుందామనుకుంటున్నా. ఎంజీబీనా, ట్రయంఫ్ టీఆర్6నా?" అడిగేవాళ్ల ఫోన్లో అప్పటికే రెండు మూడు ప్రకటనలు సేవ్ అయి ఉంటాయి. అన్నిటి మీదా ఒకటే మాట, ఫుల్లీ రిస్టోర్డ్.

నా గొడవంతా ఆ మాటతోనే. హార్స్‌పవర్ ఎంత, ఎంత స్పీడ్ పోతుంది అని అందరూ అడుగుతారు. రిస్టోర్ చేసింది ఏ సంవత్సరంలో, రంగు కింద ఏం మార్చారు అని అడిగినవాళ్లను ఇద్దరినే చూశాను.

మనసుకు నచ్చింది చెప్పమంటే నాదీ టీఆర్6 ఓటే, ముందే ఒప్పుకుంటాను. 2498 సీసీ, వరసగా ఆరు సిలిండర్లు. ఇంగ్లండ్‌లో అమ్మిన వాటికి లూకాస్ పెట్రోల్ ఇంజెక్షన్, మొదట్లో 150 హార్స్‌పవర్ అని చెప్పుకున్నారు, 1972 చివర్లో దాన్ని 125కి దించారు. జర్మనీలోని కర్మాన్ వాళ్లు ముందూ వెనకా దిద్దిన ఆ రూపం ఇవాళ్టికీ కండ తిరిగినట్టు ఉంటుంది. సెకండ్ గేర్‌లో వంతెన కింద నుంచి పోయేటప్పుడు ఆ సైలెన్సర్ చేసే చప్పుడు గురించి నేను రాయడం దండగ, వినాల్సిందే.

దాని పక్కన ఎంజీబీ సాదా మనిషి. 1798 సీసీ, నాలుగు సిలిండర్లు, రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు, 95 హార్స్‌పవర్. మొదటిసారి బోనెట్ ఎత్తి చూసినప్పుడు నాకు విజయవాడ ఆటోనగర్ గుర్తొచ్చింది, షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని మా నాన్న అంబాసిడర్ రిపేరు అయ్యేదాకా ఎదురుచూసిన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. ఊరికే పోలిక కాదు, నిజంగానే చుట్టరికం. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, ఈ ఎంజీబీ ఇంజన్ రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బీ సిరీసే. స్పానర్లు పట్టుకోవడం వస్తే చాలు, భయపడాల్సింది ఏమీ ఉండదు.

కానీ ఇంజన్‌ని బట్టి నేను నిర్ణయం తీసుకోలేదు. ఇంజన్ ఎప్పుడైనా దించి బాగుచేసుకోవచ్చు. ఈ బండ్లను చంపేది తుప్పు.

ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, ఒళ్లే ఛాసిస్. పైన కప్పూ లేదు. కాబట్టి ముందు సగాన్నీ వెనక సగాన్నీ కలిపి పట్టుకునేది ప్రధానంగా డోర్ల కింద ఉండే సిల్స్, మధ్యలో గేర్‌బాక్స్ టన్నెల్. సిల్ అంటే బయటికి కనిపించే రేకు ఒక్కటే కాదు. బయట ఒకటి, లోపల ఒకటి, మధ్యలో ఒక పలక, కింద క్యాజిల్ రైల్ అనే పట్టీ, అన్నీ కలిపి మూసిన పెట్టె. ముందు చక్రం వెనక మట్టి చేరి, తడి లోపలికి దిగి, తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. రంగు మీద చిన్న పొక్కు కనిపించేసరికి లోపల కథ అయిపోయి ఉంటుంది.

టీఆర్6 అభిమానులు ఇక్కడే పట్టుకుంటారు: "మాకు ఛాసిస్ వేరే ఉంది, రేకు పోయినా బండి వంగదు." సగం నిజం. ఆ ఛాసిస్ కూడా ఇనుమే. వెనక చక్రాలను పట్టుకునే ట్రెయిలింగ్ ఆర్మ్‌లు బిగించే చోట బురద చేరి కుళ్లుతుంది, డిఫరెన్షియల్‌ని మోసే మౌంటింగులు చిట్లడం తెలిసిన జబ్బే. అది సరిగ్గా చేయాలంటే బాడీ పైకి లేపాలి. లేపకుండా కింద నుంచి నల్లరంగు దట్టంగా కొట్టి "రిస్టోర్డ్" అన్నవి నేనే రెండు చూశాను.

నేను చూడ్డానికి వెళ్లిన ఒక ఎంజీబీ చూపించిన రంగు ఇంకోటి. కెంట్‌లో ఒక పల్లెటూరు, ఎర్రటి రోడ్‌స్టర్, ఎండలో తళతళలాడుతోంది. ఐదేళ్ల కింద పూర్తిగా రిస్టోర్ చేయించానని పెద్దాయన టీ ఇచ్చి మరీ చెప్పాడు. మా ఆవిడకి చూడగానే నచ్చేసింది, "బేరమాడకుండా తీసేసుకోండి, పరువు పోతుంది" అని తెలుగులో గొణిగింది. నేను ఇంటి నుంచి తెచ్చిన ఫ్రిజ్ మాగ్నెట్ తీశాను, తిరుపతి లడ్డూ బొమ్మది. రంగు గీసుకోకుండా జేబురుమాలు చుట్టి డోర్ మీద పెడితే టక్కున అంటుకుంది. బోనెట్ మీదా అంతే. డోర్ కింద సిల్ మీద, వెనక చక్రానికి జానెడు ముందు పెట్టి చెయ్యి వదిలితే మాత్రం లడ్డూ మెల్లగా జారి గడ్డిలో పడింది. ఇంకో రెండు చోట్ల పెట్టాను, మళ్లీ పడింది. అంటే అక్కడ ఉన్నది ఇనుము కాదు, పుట్టీ. తర్వాత ఆయన్ని అడిగి ఒక పక్క జాకీ పెట్టి లేపి డోర్ తీయబోతే రాలేదు, బిగుసుకుపోయింది. "అది ఎప్పుడూ కొంచెం టైటే" అన్నాడాయన. పాపం, ఆయన అబద్ధం చెప్పాడనుకోను, గ్యారేజీ వాళ్లు చెప్పిందే నమ్మినట్టున్నాడు. మా ఆవిడ మాగ్నెట్‌ని గడ్డిలోంచి తీసి, తుడిచి, హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని కార్లో కూర్చుంది. పరువు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇందులో నా తప్పూ ఉంది. ప్రభుత్వం వెబ్‌సైట్లో బండి నంబర్ కొడితే ఎంఓటీ, అంటే ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష, దాని చరిత్ర ఉచితంగా వస్తుంది. బయల్దేరే ముందు చూడాల్సింది, ఇంటికొచ్చాక చూశాను. ఏటా సిల్ దగ్గర తుప్పు అని రాసి ఉంది. 2018 మే నుంచి, పెద్ద మార్పులు చేయని నలభై ఏళ్లు దాటిన బండ్లకు ఎంఓటీ అక్కర్లేదు కదా, ఆ తర్వాత రికార్డే లేదు. రోడ్ టాక్స్ లేదు, ఎంఓటీ లేదు అని అందరూ సంబరపడతారు. కొనేవాడికి మాత్రం అది కాస్త చీకటే. నేనైతే అక్కర్లేకపోయినా ఏటా ఎంఓటీ చేయిస్తున్నాను, మీ బండికీ చేయించండి.

సరే, మరి నేను కొన్న బండిలో ఏం చూశాను? ఫోటోలు. అమ్మినాయన ఒక లావుపాటి ఫైలు చేతికిచ్చాడు. అందులో ఒక ఫోటో చూడగానే నా మనసు కుదుటపడింది. ముందు చక్రాల మీది రేకులు (వింగ్‌లు) విప్పేసి ఉన్నాయి, పాత సిల్ కోసేసి ఉంది, డోర్ ఖాళీలో అడ్డంగా ఇనుప రాడ్ వెల్డింగ్ చేసి ఉంది. ఆ రాడ్ లేకుండా సిల్ కోస్తే బాడీ మధ్యలో కుంగుతుంది, తర్వాత ఎంత మంచి సిల్ వేసినా ఆ వంపు అలాగే ఉండిపోతుంది. డోర్ చుట్టూ ఉన్న సందు పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే ఆ పనే జరిగిందని అనుమానించాలి. టీఆర్6 అయితే నేను అడిగే ఫోటో వేరు: బాడీ లేకుండా ఒట్టి ఛాసిస్ నిలబడి ఉన్నది, వెనక భాగం దగ్గర నుంచి తీసింది. అది లేకపోతే ధర ఎంత తగ్గించినా నేను రాను.

ఇంకో సంగతి నన్ను ఎంజీబీ వైపు తోసింది. 1962 నుంచి 1980 వరకు ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో ఎంజీబీలు ఐదు లక్షలకు పైగా చేశారు. అంత సంఖ్య ఉంది కాబట్టే విడిభాగాల వ్యాపారం ఇంకా బతికే ఉంది. పైగా విట్నీలో ఉన్న బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు 1988 నుంచి చాలావరకు పాత అచ్చులతోనే ఎంజీబీ బాడీషెల్ మొత్తం కొత్తది చేసి అమ్ముతున్నారు. ఆ హెరిటేజ్ షెల్ మీద కట్టిన బండి దొరికితే, కాగితాలు సరిగ్గా ఉంటే, నా లెక్కలో ఇంక వాదన లేదు. "అసలు ఒళ్లు కాదు కదా" అని ముక్కు విరిచేవాళ్లుంటారు. విరవనివ్వండి. టీఆర్6కీ రేకులు దొరుకుతాయి, ఛాసిస్ చేసిచ్చేవాళ్లూ ఉన్నారు, కానీ బిల్లు వేరే స్థాయిలో ఉంటుంది. అసలు మంచి టీఆర్6 ధరకి మంచి ఎంజీబీ కొని, మడిచే గుడ్డ టాప్ మార్పించి, ఇంకా చేతిలో మిగుల్చుకోవచ్చు.

టీఆర్6కే మనసు పడ్డవాళ్లు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, లూకాస్ ఇంజెక్షన్. సర్దినవాడికి తెలిస్తే బాగానే పనిచేస్తుంది. డిక్కీలో ఉండే ఆ పాత పెట్రోల్ పంప్ మాత్రం వేడెక్కి ట్రాఫిక్‌లో టెన్షన్ పెడుతుంది. చాలామంది బాష్ పంప్ పెట్టేసుకున్నారు, అలాంటిదైతే మంచిదే అనుకోండి. రెండు, ఇంజన్‌లోని క్రాంక్‌షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు. ఇంజన్ ఆఫ్‌లో ఉండగా ఒకరు క్లచ్ తొక్కుతుంటే మీరు ముందు క్రాంక్ పుల్లీ చూడండి. ముందుకీ వెనక్కీ స్పష్టంగా కదులుతుంటే ఆ వాషర్లు అరిగినట్టు. పడిపోయాయంటే బ్లాకే పోతుంది. ఇంకా, కమిషన్ నంబర్, అంటే బండికి ఫ్యాక్టరీ ఇచ్చిన నంబర్, సీసీ (CC) లేదా సీఎఫ్ (CF) అక్షరాలతో మొదలైతే అది అమెరికాకి పోయి వెనక్కి వచ్చిన బండి. చాలావాటికి స్టీరింగ్ కుడి వైపుకి మార్చి ఉంటారు, ఇంజెక్షన్ బదులు స్ట్రోమ్‌బర్గ్ కార్బ్యురేటర్లు, పవర్ బాగా తక్కువ. ఎండ రాష్ట్రం నుంచి వచ్చిందైతే రేకు మాత్రం గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. సీపీ, సీఆర్ అయితే ఇంజెక్షన్‌తో పుట్టినది.

మిగతావి చూడవా అంటారేమో. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ చవక, ముద్దుగా ఉంటుంది, బోనెట్ మొత్తం ముందుకు వాలిపోతుంది కాబట్టి టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు గుర్తున్నవాళ్లకి ఇంకో ఆనందం, దీని కింద ఉన్నది ఆ హెరాల్డ్ ఛాసిస్‌ని కుదించిందే. అయితే ఛాసిస్ ఉంది కదా అని సిల్స్ వదిలేయకండి, దీనికి అవీ బలమే. ఎంజీ మిడ్జెట్ చిన్నది, ఐదడుగుల ఎనిమిదంగుళాల లోపు వాళ్లకి. ఆస్టిన్ హీలీ 3000, లోటస్ ఎలాన్ గురించి అడిగేవాళ్లు నన్ను అడగాల్సిన పని లేదు, బ్యాంకు మేనేజర్ని అడగాలి.

ఎంజీబీలో ఏ సంవత్సరం? 1967 చివర నుంచి 1974 దాకా వచ్చిన క్రోమ్ బంపర్ బండ్లు నాకు నచ్చుతాయి. అన్ని గేర్లకూ సింక్రోమెష్, అంటే గేరు గరగరలాడకుండా పడుతుంది, ఇప్పటి కార్లలాగే బ్యాటరీ నెగటివ్ ఎర్త్. ఓవర్‌డ్రైవ్, అంటే టాప్ గేర్ పైన ఇంకో గేరు లాంటిది, ఉన్నదే చూడండి. మోటర్‌వే మీద 70 మైళ్ల దగ్గర ఇంజన్ సుమారు 3900 ఆర్‌పీఎం నుంచి 3200కి దిగుతుంది, పక్కనున్నవాళ్ల మాట వినబడుతుంది. సీట్ల వెనక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు ఉంటాయి, చాలామంది తీసేసి ఒక పన్నెండు వోల్టులది పెట్టుకున్నారు. పెట్రోల్ ఇథనాల్ తక్కువుండే ఈ5 సూపర్ పోయించండి, పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్ ఎక్కువుండే ఈ10ని తట్టుకోవు. 1974 చివర్లో అమెరికా రూల్స్ కోసం రబ్బరు బంపర్లు తగిలించి, బండిని ఒకటిన్నర అంగుళం పైకి లేపారు. చూడ్డానికి అంత బాగోదు, మలుపుల్లో కొంచెం ఊగుతుంది, కానీ చవక. సిల్స్ ఫోటోలున్న రబ్బరు బంపర్ బండికీ, ఫోటోల్లేని క్రోమ్ బండికీ మధ్య తేల్చుకోవాల్సి వస్తే నేను రబ్బరుదే తీసుకుంటాను.

వచ్చే శనివారం మా ఆఫీసులో ఒక తమ్ముడు కోవెంట్రీ దగ్గర టీఆర్6 చూడ్డానికి వెళ్తున్నాడు. వద్దని రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పకుండా నేనూ వస్తానన్నాను, టార్చిలైటు, లడ్డూ మాగ్నెట్ తీసుకుని.